అమెరికాలో డిగ్రీ చదువు: ఆర్థిక సహాయం ఎవరిస్తారు, ఎలా ఇస్తారు?

అమెరికాలో పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో నాలుగేళ్ల డిగ్రీ చదవాలంటే ఇప్పుడు ఏడాదికి దాదాపు 90 వేల డాలర్లు కావాలి. ట్యూషన్ ఫీజు, హాస్టల్, భోజనం, పుస్తకాలు, ఆరోగ్య బీమా, చిల్లర ఖర్చులు అన్నీ కలిపిన లెక్క ఇది. రూపాయల్లో 75 లక్షల పైమాటే. నాలుగేళ్లకు మూడు కోట్లు. పొలం అమ్మినా, ఇల్లు తాకట్టు పెట్టినా సామాన్య కుటుంబాలకు అందే మొత్తం కాదు. అయినా ఏటా కొందరు భారతీయ విద్యార్థులు ఇందులో పదో వంతు కూడా కట్టకుండానే అక్కడ చేరుతున్నారు. వాళ్లకు ఆ డబ్బు అమెరికా ప్రభుత్వం ఇవ్వడం లేదు, మన ప్రభుత్వమూ ఇవ్వడం లేదు. ఎక్కువమందికి సీటిచ్చిన కాలేజీయే ఇస్తోంది. ఈ సంగతి ముందుగా తెలిస్తే వెతకాల్సిన చోట వెతకొచ్చు. తెలియనివాళ్లు ఇంటర్ రెండో సంవత్సరమంతా ‘స్కాలర్‌షిప్’ అనే మాట చుట్టూ తిరిగి, దరఖాస్తుల గడువు దాటాక అసలు విషయం తెలుసుకుంటున్నారు.

అమెరికా కేంద్ర ప్రభుత్వం డిగ్రీ విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంటు, ఫెడరల్ రుణాలు ఆ దేశ పౌరులకు, గ్రీన్‌కార్డుదారులకు, చట్టం పేర్కొన్న మరికొన్ని వర్గాలకే పరిమితం. వాటికోసం నింపే ఫాఫ్సా దరఖాస్తుతో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లేవారికి పని లేదు. రాష్ట్రాల యూనివర్సిటీలు ఆయా రాష్ట్రాల పన్నులతో, ముందుగా అక్కడి పిల్లల కోసం ఏర్పడినవి. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్ క్యాంపస్‌లున్న కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థ విదేశీ డిగ్రీ విద్యార్థులకు కుటుంబ అవసరాన్ని బట్టి సహాయం చేయదు. పైగా బయటివాళ్లు కట్టే అధిక ఫీజు అలాంటి యూనివర్సిటీలకు ముఖ్యమైన ఆదాయం. ఇక మిగిలినవి పూర్వ విద్యార్థులు, దాతలు ఇచ్చిన విరాళాలతో పెద్ద మూలనిధులు కూడబెట్టుకున్న ప్రైవేటు యూనివర్సిటీలు, కాలేజీలు. హార్వర్డ్ మూలనిధి ఒక్కటే 5 వేల కోట్ల డాలర్లు దాటింది. దానిమీద ఏటా వచ్చే రాబడిలో కొంత విద్యార్థుల సహాయానికి వెళ్తుంది. కొన్ని కాలేజీలు ఆ సహాయం ఇవ్వడంలో విద్యార్థిది ఏ దేశమని చూడవు.

తెలుగు ఇళ్లలో అమెరికా చదువు గురించి తెలిసినవాళ్లకు కొదవ లేదు. కానీ వాళ్లకు తెలిసింది చాలావరకు ఎంఎస్ చదువు. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉంటే, వారిలో పీజీ స్థాయిలో ఉన్నవారు 1,96,000 మందికి పైగా. డిగ్రీ చదువుతున్నవారు 36 వేలు మాత్రమే. అందుకే బంధువుల అబ్బాయో, పక్కింటి అమ్మాయో చెప్పే సలహా డిగ్రీకి వెళ్లేవారికి చాలాసార్లు సరిపడదు. ‘ముందు ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) తెచ్చుకుని వెళ్లిపో, అక్కడికెళ్లాక ప్రొఫెసర్లను అడిగితే ఆర్‌ఏనో టీఏనో దొరుకుతుంది’ అన్న మాట పీజీకే ఎప్పుడూ వర్తిస్తుందని చెప్పలేం. డిగ్రీకైతే పూర్తిగా తప్పు. ఫీజు మాఫీ చేసే ఇలాంటి అసిస్టెంట్‌షిప్‌లు డిగ్రీ విద్యార్థులకు ఉండవు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అడ్మిషన్ దరఖాస్తులోనే ఆర్థిక సహాయం అడగని విదేశీ విద్యార్థికి ఆ తర్వాత నాలుగేళ్లలో ఎప్పుడూ ఇవ్వబోమని చాలా కాలేజీలు నిబంధన పెట్టుకున్నాయి. ‘అడిగితే సీటు రాదేమో, చేరాక అడుగుదాం’ అనుకున్నవాళ్లు అక్కడే దెబ్బతింటున్నారు.

ఇంటి దగ్గర దొరికే స్కాలర్‌షిప్పుల పరిస్థితీ ఇలాంటిదే. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకున్న మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి డిగ్రీ పూర్తి చేసి పైచదువులకు వెళ్లేవారి కోసం. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్, పీహెచ్‌డీలకే. 1892లో మొదలైన జేఎన్ టాటా ఎండోమెంట్ రుణ స్కాలర్‌షిప్, ఇన్‌లాక్స్ స్కాలర్‌షిప్, బ్రిటన్ ఇచ్చే చీవెనింగ్ కూడా అంతే. వార్తల్లో తరచూ కనిపించే పేర్లు ఇవే కాబట్టి ఇంటర్ విద్యార్థి తల్లిదండ్రులు వీటి వెంట పడుతుంటారు. భారతీయ డిగ్రీ విద్యార్థుల కోసమే ప్రత్యేకంగా ఏర్పడినది ఒకటుంది. టాటా ట్రస్టు 2008లో కార్నెల్ యూనివర్సిటీకి ఇచ్చిన రెండున్నర కోట్ల డాలర్ల విరాళంతో నడిచే టాటా స్కాలర్‌షిప్. దానికీ ముందు కార్నెల్‌లో సీటు రావాలి, సహాయానికి దరఖాస్తు చేసి ఉండాలి. అంటే దారి మళ్లీ కాలేజీ దగ్గరికే వస్తుంది.

కాలేజీలిచ్చే సహాయం రెండు రకాలు. ఒకటి కుటుంబ స్తోమతను బట్టి ఇచ్చేది. రెండోది స్తోమతతో సంబంధం లేకుండా ప్రతిభకు ఇచ్చేది. ఎక్కువ మొత్తం ఉన్నది మొదటిదాంట్లో. దాని లెక్క ఇలా ఉంటుంది. ఏడాది మొత్తం ఖర్చు 90 వేల డాలర్లు అనుకుంటే, తల్లిదండ్రుల ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఇంట్లో చదువుకుంటున్న మిగతా పిల్లలు అన్నీ చూసి ఆ కుటుంబం ఏడాదికి ఇంత పెట్టుకోగలదని కాలేజీ తేలుస్తుంది. అది 4 వేల డాలర్లని తేలితే మిగతా 86 వేలు ఆ విద్యార్థి ‘నీడ్’, అంటే అవసరం. ఆ అవసరం మొత్తాన్నీ తీరుస్తామని మాటిచ్చే కాలేజీలు కొన్ని. ఉన్నంతలో ఇస్తాం, మిగతాది మీరు చూసుకోండి అనేవి ఇంకొన్ని. రెండో రకం కాలేజీ 30 వేల డాలర్ల స్కాలర్‌షిప్ ఇచ్చినా ఇంకా 60 వేలు చేతి నుంచి పెట్టాలి. ఊళ్లో ఫ్లెక్సీ కట్టడానికి ఆ 30 వేలు పెద్ద అంకెగానే కనిపిస్తుంది. ఇంట్లో లెక్క వేసుకోవాల్సింది మాత్రం మిగిలిన 60 వేల గురించి.

సీటు నిర్ణయించేటప్పుడు విదేశీ విద్యార్థి సహాయం అడిగాడా లేదా అన్నది చూడకుండా, చేర్చుకున్నాక అవసరం మొత్తం తీర్చే కాలేజీలను ‘నీడ్ బ్లైండ్’ అంటారు. ఇవి వేళ్లమీద లెక్కపెట్టేన్ని: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, మసాచుసెట్స్‌లోని ఆమ్‌హెర్స్ట్ కాలేజీ. డార్ట్‌మత్, బోడన్ కాలేజీలు 2022లో విదేశీ విద్యార్థులకూ ఈ విధానం ప్రకటించాయి. బ్రౌన్ యూనివర్సిటీ 2025లో చేరే బ్యాచ్ నుంచి అమలు చేసింది. నోటర్‌డామ్ 2024లో ఆ వరుసలో చేరింది. ఎంఐటీలో 2025 నుంచి సాధారణ స్థాయి ఆస్తులుండి, కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపుంటే ట్యూషన్ ఫీజే లేదు. హార్వర్డ్ కూడా అదే పరిమితి ప్రకటించింది. అక్కడ ఆదాయం లక్ష డాలర్ల లోపుంటే భోజనం, వసతితో సహా కుటుంబం కట్టాల్సింది ఏమీ ఉండదు. లక్ష డాలర్లంటే మన లెక్కలో 80 లక్షల రూపాయలకు పైనే. ప్రభుత్వ ఉపాధ్యాయుడు, బ్యాంకు ఉద్యోగి, చిన్న వ్యాపారి, అయిదారెకరాల రైతు అందరూ ఆ గీతకు చాలా కిందే ఉంటారు.

సమస్య సీటు దగ్గర. ఈ కాలేజీల్లో విదేశీ విద్యార్థులకు దొరికే సీట్లు అతి తక్కువ. ఎంఐటీలో దరఖాస్తు చేసిన విదేశీయుల్లో సీటొచ్చేది రెండు శాతం దరిదాపుల్లో. వీటినే నమ్ముకుని జాబితా తయారు చేసుకుంటే, ఎంత చురుకైన పిల్లలకైనా చేతికేమీ రాకపోయే అవకాశమే ఎక్కువ.

అందుకే రెండో వరుసను జాగ్రత్తగా చదవాలి. ఇవి ‘నీడ్ అవేర్’ కాలేజీలు. చేర్చుకున్న విదేశీ విద్యార్థి అవసరం మొత్తం తీరుస్తాయి గానీ, చేర్చుకోవాలా వద్దా అని తేల్చేటప్పుడు ఎంత అడుగుతున్నాడో కూడా చూస్తాయి. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, పెన్సిల్వేనియా, డ్యూక్, నార్త్‌వెస్టర్న్ లాంటి యూనివర్సిటీలు ఈ కోవలోవే. మనవాళ్ల చెవిన అంతగా పడని లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు కూడా ఇందులోనే ఉన్నాయి: స్వార్త్‌మోర్, పొమోనా, గ్రినెల్, మహిళల కాలేజీలైన వెల్స్‌లీ, స్మిత్, మౌంట్ హోల్యోక్. పేరులో ‘ఆర్ట్స్’ ఉంది కాబట్టి ఇంజినీరింగో కంప్యూటర్ సైన్సో కావాలనుకునేవాళ్లు వీటిని పట్టించుకోరు. నిజానికి కంప్యూటర్ సైన్సు, గణితం, భౌతికశాస్త్రం వీటిలో బలమైన విభాగాలు. స్వార్త్‌మోర్, స్మిత్ కాలేజీల్లో ఇంజినీరింగ్ కూడా ఉంది. ఒక్కోదానిలో వెయ్యి నుంచి మూడు వేల మంది విద్యార్థులే ఉంటారు. హైదరాబాద్‌లో జరిగే విద్యా ప్రదర్శనల్లో ఇవి అరుదుగా కనిపిస్తాయి, కన్సల్టెన్సీలకు కమీషన్లు ఇవ్వవు. డబ్బు లేని తెలివైన విద్యార్థికి అసలైన అవకాశాలు ఎక్కువగా ఇక్కడే ఉన్నాయి.

నీడ్ అవేర్ కాలేజీకి దరఖాస్తు చేసేటప్పుడు ఒక ఇబ్బందికరమైన ప్రశ్న ఎదురవుతుంది: మీ కుటుంబం ఏడాదికి ఎంత పెట్టగలదు? తక్కువ చెబితే సీటు అవకాశం తగ్గుతుందని భయం. ఎక్కువ చెబితే ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న భయం. కొందరు తల్లిదండ్రులు పరువు కోసం పెద్ద అంకె రాసేస్తారు. అది చాలా ప్రమాదం. 20 వేల డాలర్లు పెట్టగలమని రాస్తే సహాయం దానికి తగ్గట్టే వస్తుంది. నాలుగేళ్లూ ఏటా 17 లక్షల రూపాయలు సర్దాలి, మధ్యలో రూపాయి పడిపోతే ఆ భారమూ మీద పడుతుంది. ఉన్న పొదుపు, ఇప్పటి జీతం, తమ్ముడో చెల్లెలో రాబోయే ఏళ్లలో చేరబోయే చదువు, ఇవన్నీ వేసుకుని నిజంగా కట్టగలిగిన అంకె రాయడమే మేలు.

ప్రతిభా స్కాలర్‌షిప్పుల విషయానికొస్తే, చాలా కాలేజీలు ఇచ్చేవి ఫీజులో కొంత తగ్గింపులే. పూర్తి ఖర్చు భరించేవి కొద్దిగా ఉన్నాయి. చాపెల్‌హిల్‌లోని నార్త్ కరోలినా యూనివర్సిటీలో మోర్‌హెడ్-కెయిన్, డ్యూక్‌తో కలిపి నడిచే రాబర్ట్‌సన్ అలాంటివి. వీటికి మార్కులొక్కటే చాలవు, నాయకత్వం, సేవ, సొంతంగా తలపెట్టి చేసిన పనులు చూస్తారు. వీటన్నింటికీ భిన్నమైనది కెంటకీలోని బెరియా కాలేజీ. 1855లో మొదలైన ఈ కాలేజీ 1892 నుంచి ఏ విద్యార్థి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. విద్యార్థులంతా వారానికి కనీసం 10 గంటలు క్యాంపస్‌లో పని చేయాలి. విదేశీ విద్యార్థులకు మొదటి ఏడాది ఖర్చంతా కాలేజీయే భరిస్తుంది. తీసుకునేది మాత్రం కొద్దిమందినే.

దరఖాస్తులో విద్యార్థులను ఎక్కువగా కంగారు పెట్టేది ఆర్థిక వివరాల ఫారం. అనేక ప్రైవేటు కాలేజీలు కాలేజ్ బోర్డు నడిపే సీఎస్ఎస్ ప్రొఫైల్ అడుగుతాయి. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16 డాలర్లు రుసుం. ప్రిన్స్‌టన్ లాంటివి సొంత ఫారం పెట్టుకున్నాయి. సీఎస్ఎస్ రుసుం భారమైన విదేశీ విద్యార్థుల కోసం ఉచిత ప్రత్యామ్నాయ ఫారం తీసుకునే కాలేజీలూ ఉన్నాయి. ఒక ఈమెయిల్ రాసి అడిగితే చాలు.

ఈ ఫారాలు జీతం, పన్ను, బ్యాంకు ఖాతా ఉన్న అమెరికన్ ఇంటిని ఊహించుకుని తయారైనవి. తెలుగు ఇంటి లెక్కలు వాటిలో సూటిగా ఇమడవు. ఉద్యోగస్తులకు పెద్దగా ఇబ్బంది లేదు. ఫారం 16, ఐటీ రిటర్ను, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్, యజమాని ఇచ్చే జీతం ధ్రువపత్రం సరిపోతాయి. చిక్కంతా వ్యవసాయ కుటుంబాలకే. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రిటర్ను ఉండదు. రిటర్ను లేదంటే ఆదాయం దాస్తున్నారని అక్కడి అధికారి అనుకోకుండా చూసుకోవాలి. అందుకు భారత చట్టం ప్రకారం వ్యవసాయ ఆదాయానికి పన్ను మినహాయింపు ఉందని ఒక పేజీ లేఖ రాయాలి. దాంతోపాటు మీసేవలో తీసుకున్న తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రం, పట్టాదారు పాసుపుస్తకం, మార్కెట్ యార్డు లేదా మిల్లు ఇచ్చిన రసీదులు, బ్యాంకులో పంట రుణం పత్రాలు పెట్టాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం జత చేయాలి.

భూమి విలువ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. రోడ్డు పక్క రెండెకరాలు కాగితం మీద కోటి రూపాయలు ఉండొచ్చు. కానీ దాని మీద వచ్చే కౌలు ఏడాదికి లక్ష కూడా ఉండదు. ఆ భూమి తాతగారి పేర పట్టా అయి ఉంటే, అందులో నలుగురు అన్నదమ్ముల వాటాలుంటే, విద్యార్థి తండ్రి వాటా ఎంతో విడిగా చెప్పాలి. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ, ఏటా వచ్చే రాబడి, అమ్మడానికి ఎందుకు వీలు లేదన్నది వివరణ పెట్టెలో నాలుగు వాక్యాల్లో రాస్తే అధికారులు చదువుతారు. ఇంట్లోని బంగారం, చిట్టీ పాటలు, బంధువుల దగ్గర చేబదులు తెచ్చిన అప్పులు, అమ్మమ్మ మందుల ఖర్చు, అక్క పెళ్లికి చేసిన అప్పు కూడా అక్కడే చెప్పుకోవాలి. ఫారంలో వాటికి గడి లేదని వదిలేస్తే కుటుంబ స్తోమత ఉన్నదానికన్నా ఎక్కువగా లెక్కకొస్తుంది.

ఇక్కడ నిజాయతీ విషయం గట్టిగా చెప్పాలి. 2024లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో పూర్తి స్కాలర్‌షిప్‌తో చదువుతున్న ఒక భారతీయ విద్యార్థి, బతికున్న తండ్రి చనిపోయినట్టు పత్రం సృష్టించి, మార్కుల పత్రాలు, పన్ను పత్రాలు కూడా ఫోర్జరీ చేసి సీటు సంపాదించినట్టు బయటపడింది. అరెస్టయి, యూనివర్సిటీ నుంచి బహిష్కరణకు గురై, దేశానికి తిరిగి రావాల్సి వచ్చింది. ఇలాంటి ఒక్క ఘటనతో మన దేశం నుంచి వచ్చే ప్రతి కాగితాన్నీ అనుమానంగా చూసే పరిస్థితి వస్తుంది. ఆ భారం నిజంగా తండ్రి లేని పిల్ల మీద పడుతుంది.

సహాయం మంజూరైతే అడ్మిషన్ లేఖతోపాటు ‘అవార్డు లెటర్’ వస్తుంది. దాన్ని వరుసవారీగా చదవాలి. ఉదాహరణకు మొత్తం ఖర్చు 90,000 డాలర్లు, కాలేజీ గ్రాంటు 84,000, క్యాంపస్ ఉద్యోగం 2,500, కుటుంబ వాటా 3,500 అని ఉందనుకుందాం. గ్రాంటు తిరిగి కట్టనక్కర్లేదు. క్యాంపస్ ఉద్యోగం అని రాసింది చేతికిచ్చే డబ్బు కాదు. లైబ్రరీలోనో మెస్‌లోనో పని చేస్తే ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా వచ్చే జీతం. కాబట్టి ఆగస్టులో కట్టాల్సిన ఫీజుకు అది అక్కరకు రాదు. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. మొదటి ఏడాది క్యాంపస్ బయట పని చేయడానికి వీల్లేదు. బయట హోటళ్లలో, పెట్రోలు బంకుల్లో పని చేసి ఫీజు కట్టుకుందామన్న ఆలోచన వీసాకే ముప్పు. అవార్డు లెటర్‌లో ‘లోన్’ అనే వరుస ఉంటే అది ఎవరిస్తున్నారో, అమెరికాలో హామీదారు కావాలేమో చూసుకోవాలి. విమాన టికెట్, ఆరోగ్య బీమా లెక్కలో కలిపారో లేదో, వేసవి, శీతాకాలపు సెలవుల్లో హాస్టల్ తెరిచి ఉంటుందో లేదో కాలేజీనే అడగాలి.

ముందుగా ఎవరూ చెప్పని ఖర్చు పన్ను. అమెరికా చట్టం ప్రకారం ట్యూషన్ ఫీజుకు, తప్పనిసరి పుస్తకాలకు వెళ్లే గ్రాంటు మీద పన్ను లేదు. భోజనం, వసతికి వెళ్లే భాగం మీద విదేశీ విద్యార్థికి 14 శాతం ముందే కోస్తారు. పై ఉదాహరణలో ఫీజు, పుస్తకాలు కలిపి 67,000 అనుకుంటే మిగిలిన 17,000 డాలర్ల మీద కోత 2,380 డాలర్లు. రెండు లక్షల రూపాయలు దాదాపు. అయితే భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం భారతీయ విద్యార్థులకు ఒక వెసులుబాటు ఇచ్చింది. మిగతా చాలా దేశాల విద్యార్థులకు లేని స్టాండర్డ్ డిడక్షన్ మనవాళ్లు వాడుకోవచ్చు. మరుసటి ఏడాది 1040-ఎన్ఆర్ రిటర్ను దాఖలు చేసేటప్పుడు దీన్ని చూపితే కోసిన సొమ్ములో ఎక్కువ భాగం వెనక్కి వస్తుంది. అయినా మొదటి ఏడాది ఆ మొత్తం చేతిలో ఉంచుకోవాల్సిందే.

ఈ పనులన్నిటికీ కాలం చాలా ముందు మొదలవుతుంది. ఆగస్టులో చేరాలంటే దరఖాస్తుల గడువులు అంతకుముందు ఏడాది నవంబరు 1న మొదలై జనవరి తొలి వారానికి ముగుస్తాయి. ఇంటర్ రెండో సంవత్సరం ప్రీఫైనల్స్, జేఈఈ హడావుడి సరిగ్గా అప్పుడే. నవంబరులో వేసే ‘ఎర్లీ డెసిషన్’లో సీటొస్తే చేరి తీరాలన్న షరతు ఉంటుంది. ఇచ్చిన సహాయం నిజంగా సరిపోకపోతే మాత్రం విడిపించుకోవచ్చు. ఒక్క కాలేజీకే కట్టుబడటం వల్ల మిగతా చోట్ల వచ్చే మొత్తాలతో పోల్చి చూసుకునే వీలుండదు. అవసరం మొత్తం తీరుస్తామన్న కాలేజీకే ఎర్లీ డెసిషన్ వేయడం క్షేమం. ఎస్ఏటీ మళ్లీ తప్పనిసరి చేసిన కాలేజీల్లో ఎంఐటీ, హార్వర్డ్, డార్ట్‌మత్, బ్రౌన్ ఉన్నాయి కాబట్టి ఆ పరీక్ష ఇంటర్ మొదటి ఏడాది వేసవికే రాసేస్తే మేలు. తొమ్మిదో తరగతి నుంచి మార్కులు, పదో తరగతి మెమో, ఇద్దరు లెక్చరర్ల సిఫారసు లేఖలు కావాలి. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో కౌన్సెలర్ అనే ఉద్యోగే ఉండరు. అక్కడ ప్రిన్సిపల్ లేదా వైస్ ప్రిన్సిపల్ ఆ పాత్ర పోషించాలి. రెండు నెలల ముందే కూర్చోబెట్టి విషయం వివరిస్తే తప్ప లేఖ సమయానికి అందదు.

దరఖాస్తు రుసుం కట్టలేనివాళ్లు, చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో మాఫీ అడగొచ్చు. అమెరికా విదేశాంగ శాఖ ఆధ్వర్యంలోని ఎడ్యుకేషన్ యూఎస్ఏ సలహా కేంద్రం హైదరాబాద్‌లోనూ ఉంది. అక్కడ సలహా ఉచితం. ప్రతిభ ఉండి పరీక్షల, దరఖాస్తుల ఖర్చు పెట్టుకోలేని విద్యార్థులకు ‘ఆపర్చునిటీ ఫండ్స్’ పేరుతో సాయం చేసే పథకమూ ఆ సంస్థకు ఉంది. లక్షలు తీసుకునే ప్రైవేటు కన్సల్టెన్సీకి వెళ్లే ముందు ఈ తలుపు తట్టాలి. పదో తరగతి తర్వాత ఇంకో దారి ఉంది. పుణె దగ్గర 1997లో మొదలైన యూడబ్ల్యూసీ మహీంద్రా కాలేజీ. అక్కడ ఐబీ డిప్లొమా చదివేందుకు స్కాలర్‌షిప్పులున్నాయి. యూడబ్ల్యూసీ నుంచి వచ్చినవారికి డేవిస్ స్కాలర్స్ అనే పథకం 2000 నుంచి అమెరికాలోని దాదాపు వంద కాలేజీల్లో సహాయం అందేలా చూస్తోంది.

అమెరికా ఒక్కటే కాదు. కెనడాలో టొరంటో యూనివర్సిటీ ఇచ్చే లెస్టర్ బి. పియర్సన్ స్కాలర్‌షిప్ నాలుగేళ్ల ఫీజు, పుస్తకాలు, వసతి భరిస్తుంది. విద్యార్థి నేరుగా అడిగేది కాదిది. చదువుతున్న విద్యాసంస్థ ఏడాదికి ఒకరి పేరు పంపాలి. చాలా జూనియర్ కాలేజీలకు ఈ సంగతే తెలియదు, విద్యార్థే తీసుకెళ్లి చెప్పాలి. జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్‌లో ఏడాది జపనీస్ భాష, ఆపై డిగ్రీ. ఫీజు ఉండదు, నెలకు 1,17,000 యెన్‌ల భత్యం, విమాన టికెట్ ఇస్తారు. కొరియా ప్రభుత్వానికీ డిగ్రీ స్థాయిలో ఇలాంటి పథకం ఉంది. ఇటలీలో ప్రభుత్వ యూనివర్సిటీలకు అనుబంధంగా ప్రాంతీయ ప్రభుత్వాలు ఆదాయాన్ని బట్టి గ్రాంటు, హాస్టల్, మెస్ ఇస్తాయి, విదేశీయులకు కూడా. కుటుంబ పత్రాలకు అపోస్టిల్ ముద్ర, ఇటాలియన్ అనువాదం సిద్ధం చేసుకోవడంలోనే నెలలు గడిచిపోతాయి.

జర్మనీలో ఎక్కువ రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీలకు ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్‌లో మాత్రం ఈయూ బయటి విద్యార్థులకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 నుంచి వసూలు మొదలుపెట్టింది. ఫీజు లేకపోయినా ఏడాది జీవన వ్యయం కింద 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో చూపాలి, మన చదువు పత్రాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఇంటర్ మార్కులతో నేరుగా డిగ్రీలో చేరడం కుదరదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ అర్హతో, ఇక్కడ ఏడాది డిగ్రీ చదువో, అక్కడి స్టూడియెన్‌కొల్లెగ్ సన్నాహక కోర్సో కావాలి. పైగా డిగ్రీ కోర్సుల్లో ఎక్కువ భాగం జర్మన్ భాషలోనే.

ఎక్కడా పూర్తి సహాయం రాకపోతే మిగిలేది విద్యారుణం. బ్యాంకులు సాధారణంగా 7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతాయి. కట్టే వడ్డీ మీద 80ఈ సెక్షన్ కింద ఎనిమిదేళ్లపాటు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉంది. ఎంఎస్‌కు తీసుకునే రుణం రెండేళ్ల చదువుకు. డిగ్రీకైతే నాలుగేళ్ల రుణం, నాలుగేళ్ల వడ్డీ. ఏడాదికి అయిదారు లక్షల లోటు పూడ్చడానికి రుణం వాడుకోవచ్చు. ఖర్చు మొత్తం రుణం మీదే నడపడం ఒక తరం కష్టాన్ని పణంగా పెట్టడమే. అంతకంటే ఇక్కడే డిగ్రీ చేసి ఆ తర్వాత పూర్తి సహాయంతో పీహెచ్‌డీకి వెళ్లడం ఎంతో నయం.

వచ్చిన సహాయం చాలకపోతే కాలేజీకి అప్పీలు చేసుకోవచ్చు. ‘ఇంకొంచెం పెంచండి’ అని బతిమాలితే పని కాదు. తండ్రి ఉద్యోగం పోవడం, పంట నష్టం, ఇంట్లో ఆపరేషన్ లాంటి కొత్త సమాచారం పత్రాలతో చూపాలి. సహాయం ఏటా పునరుద్ధరించుకోవాలి కాబట్టి ఆదాయ పత్రాలు ప్రతి ఏడాదీ మళ్లీ పంపాలి. చేరుతున్నట్టు ఖాయం చేశాక కాలేజీ ఐ-20 పంపుతుంది. అందులో మొదటి ఏడాది ఖర్చు ఒక వైపు, అది ఎక్కడి నుంచి వస్తుందో మరో వైపు ఉంటుంది. కాలేజీ గ్రాంటు అక్కడే అచ్చై ఉంటుంది కాబట్టి కుటుంబం చూపాల్సింది తన వాటా మేరకే. అక్కడి నుంచి విదేశీ విద్యార్థుల నమోదుకు 350 డాలర్ల సెవిస్ రుసుం, 185 డాలర్ల వీసా దరఖాస్తు రుసుం, ఆపై నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. అవార్డు లెటర్, ఐ-20, కుటుంబ వాటాకు సరిపడా బ్యాంకు పత్రాలు ఒకే ఫైల్లో, ఒకదానితో ఒకటి సరిపోలే అంకెలతో ఉండాలి.